చివరివాడి నడక

ఎడారిలోకి వెళ్లేవాడు ఒంటరిగానే వెళ్లాలన్న నమ్మకం చాలా పాతది. ఈజిప్టులో ఆంటోనీ ముని మనుషుల్ని వదిలి ఎడారి లోలోపలికి పోయాడు. అమెరికాలో 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కూడా అడవికి ఉండాల్సిన లక్షణాల్లో ఏకాంతాన్ని ప్రస్తావించింది. యూటాలోని ఎస్కలాంటే లోయల్లోకి, యూటా-అరిజోనా సరిహద్దులోని పరియా లోయలోకి వీపున బరువులతో గుంపుగా వెళ్లేవాళ్లది విహారమే తప్ప సాధన కాదనేవాళ్లు ఈ నమ్మకాన్నే పట్టుకుని మాట్లాడతారు. నేను ఒప్పుకోను. అహం కరగడానికే ఎడారికి పోతున్నామంటే, అది పదిమందిలోనే బాగా కరుగుతుంది.

ఆ ఎర్ర ఇసుకరాతి గోడల మధ్య నడక ఎలా సాగుతుందో చూడండి. మనిషికి రోజుకు సుమారు 4 లీటర్ల నీళ్లు కావాలి, అంటే 4 కిలోల బరువు. నల్లగా గరుకుగా కనిపించే అక్కడి నేలపొరకు ప్రాణముంది. ఒకసారి కాలికింద చితికితే మళ్లీ పేరుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. అందుకే వాగు ఇసుకలోనో బండల మీదో చూసి అడుగు వేయాలి. వీటన్నిటినీ మించిన కట్టుబాటు ఇంకొకటుంది: అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడి వేగమే అందరి వేగం. కాళ్లలో సత్తువ ఉన్నవాడికి ఇంతకన్నా కఠినమైన తపస్సు లేదు. ఒంటరి సాధకుడు ఆకలినీ నిద్రనూ జయించవచ్చు గానీ, తన ఇష్టానికి అడ్డం వచ్చే మరొకరి ఇష్టం అతనికి ఎదురుపడదు. నియమం తానే పెట్టుకుంటాడు, తానే సడలించుకుంటాడు. నాలుగో శతాబ్దంలోనే క్రైస్తవ గురువు బేసిల్ ఈ లోపాన్ని పట్టుకున్నాడు: ఒంటరిగా బతికేవాడు ఎవరి పాదాలు కడుగుతాడని అడిగాడు.

గుంపుతో మౌనం చెడుతుందన్నది నిజమే. పరియాలో బృందానికి 10 మందే అన్న పరిమితి సబబైనది. అంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటుంది: గుంపు ప్రాణానికి భరోసా కాదు. 2003లో ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా వెళ్లిన ఆరన్ రాల్‌స్టన్, బండ కింద ఇరుక్కున్న చేతిని తానే కోసుకుని బయటపడ్డాడు. అయితే 2015లో జయన్ పార్కులోని కీహోల్ కాన్యన్‌లో కలిసి దిగిన ఏడుగురినీ మెరుపు వరద మింగేసింది. తోడు ప్రాణం కాపాడుతుందని నేను వాదించడం లేదు. నెత్తిన ఎండ కాస్తుండగానే, ఎక్కడో మైళ్ల దూరంలో కురిసిన వాన ఆ ఇరుకుల్లోకి గోడలా వచ్చిపడగలదు. పైగా గుంపులో ధైర్యం ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది, వెనక్కి పోదామని ముందుగా అనడానికి ఎవరికీ నోరు రాదు. కాబట్టి నెమ్మదిగా నడిచేవాడికి ఇచ్చే మన్ననే ఎక్కువ భయపడేవాడికీ ఇవ్వాలి. ఎంతో కష్టపడి సంపాదించిన పర్మిట్‌ను ఒకరి సందేహం కోసం వదులుకోవడం సాధనలో భాగమే.

కడకు ఎవరైనా ఒంటరిగా మిగలాల్సిందే కదా అని మహాప్రస్థానాన్ని ఎత్తిచూపవచ్చు. పాండవులు హిమవంతం దాటి ఇసుక సముద్రాన్ని చూశారు. ఆ తరువాత ద్రౌపది మొదలు ఒక్కొక్కరే కూలిపోతుంటే ధర్మరాజు వెనుదిరిగి చూడలేదు. కానీ కథ అక్కడితో ఆగదు. వెంట వచ్చిన కుక్కను వదిలి రథమెక్కమని ఇంద్రుడంటే ఆయన ఒప్పుకోలేదు. ఆపైన నరకంలో తన వాళ్ల గొంతులు వినిపించినప్పుడు, స్వర్గం వద్దు, ఇక్కడే ఉంటానన్నాడు.