అవ్వ నేర్పిన చదువు



తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రికలో అపొస్తలుడు పౌలు ఇద్దరు స్త్రీలను పేరుపేరునా తలచుకుంటాడు. ఒకరు తిమోతి అవ్వ లోయి, మరొకరు తల్లి యునీకే. తండ్రి యూదుడు కాదు, గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెబుతోంది. అయినా తిమోతికి పసితనం నుంచే లేఖనాలు తెలుసు. అతనికి ఇల్లే మొదటి బడి అయిందన్నమాట.

ఇప్పుడు హోంవర్క్ వాట్సాప్‌లో వస్తోంది. లెక్క అర్థంకాకపోతే యూట్యూబ్ చెబుతోంది. బైబిల్ కూడా ఫోన్‌లోనే తెరుస్తున్నాం. ఇదంతా మంచిదే. కానీ అప్పులవాడు ఫోన్ చేస్తే, "నాన్న ఇంట్లో లేరని చెప్పమ్మా" అని పిల్ల చేతికి ఫోన్ ఇస్తాం చూడండి, ఆ పూట ఇంట్లో జరిగిన పాఠం అదే. ఆదివారం సండే స్కూల్లో పది ఆజ్ఞలు ఎంత బాగా అప్పజెప్పినా, పిల్లకు గుర్తుండిపోయేది ఇదే.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఫోన్లు పక్క గదిలో పెట్టండి. వాక్యం పిల్లల చేత చదివించండి. వాళ్లు ప్రశ్న అడిగితే కసురుకోకండి. జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పి, వాళ్లతో కలిసి వెతకండి.