కమానును, కర్తృత్వమును

కర్మకు కారణములు ఐదని భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున చెప్పబడినది: అధిష్ఠానము, కర్త, కరణము, నానావిధములైన చేష్టలు, ఐదవది దైవము. ఇందు కర్త యొకడు మాత్రమే. అయినను లోకమున ఏ కార్యము నెరవేరినను ఆ యొక్కనికే దండ వేసి, తక్కిన నాల్గింటిని మఱచుట మనకు అలవాటు. ఈ మఱపును గూర్చి నన్ను ఆలోచింపజేసినది ఏ భాష్యమో కాదు. పాశ్చాత్య సంగీతమున చిన్న వాద్యబృందములను ఫిడేలు వాయించుచునే నడిపిన అయోనా బ్రౌన్ అను విదుషి జీవితము.

ఈమె 1941లో ఇంగ్లండుదేశమున సాల్స్‌బరీ పట్టణమందు, తండ్రి ఆర్గనును తల్లి ఫిడేలును వాయించు ఇంట జన్మించి, స్వదేశమునందును పిమ్మట రోము, బ్రస్సెల్స్ నగరములందును గురువుల నాశ్రయించి, 1964లో అకాడమీ ఆఫ్ సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ అను బృందమున చేరెను. ఆ బృందము పుట్టుకయే మన ప్రశ్నకు సంబంధించినది. లండను సింఫనీ ఆర్కెస్ట్రాలో ఫిడేలు వాయించుచుండిన నెవిల్ మారినర్, కండక్టరుల యేలుబడికి విసిగిన తోడివాద్యకారులను కొందరిని చేర్చుకొని 1958లో దీనిని నెలకొల్పెను. మరుసటి యేట ట్రఫాల్గర్ స్క్వేరు చెంతనున్న చర్చిలో మొదటి కచేరీ జరిగెను. చర్చి పేరే బృందమునకు నిలిచెను. (ఇచ్చట కండక్టరనగా బస్సులో టిక్కెట్టు కొట్టువాడు కాడు, వాద్యకారుల యెదుట నిలిచి సన్నని పుల్లతో లయను, భావమును నిర్దేశించువాడు.) ఆ తొలినాళ్లలో అట్టివాడు వారికి లేడు, మొదటి కుర్చీలోని ఫిడేలే దిక్కు. 1974లో ఆ కుర్చీ అయోనా బ్రౌన్‌కు దక్కెను.

ఆ కుర్చీలో కూర్చుండుట యెట్టిదో నిదానముగా చూడవలెను. కండక్టరు చేతిపుల్లకు నాదము లేదు. అతడు తప్పినను ఆ తప్పు ఇతరుల తీగలపైననే వినవచ్చును. ఫిడేలు చేతబట్టి నడిపించువారికి ఆ సదుపాయము లేదు. వారి పొరపాటు వారి తీగపైననే, అందఱి చెవులబడునట్లు పలుకును. రెండు చేతులును వాద్యమునకే అంకితములు గనుక చేతిసైగకు తావు లేదు. ఎత్తుగడకు ముందు పీల్చు ఊపిరి, ఇంచుక లేచిన కమాను, తల వంపు, ఇవియే ఆజ్ఞలు. తోడివారు ఆ ఊపిరిలో తమ ఊపిరి కలిపిననాడే మొదటి స్వరము ఏకకంఠముగా వెలువడును. అంతటితో తీరదు. తన తీగ పలుకుచుండగనే, చెల్లో అను మంద్రవాద్యము ఎంత బరువుగా పలికినదో, రెండవ ఫిడేళ్లు ఎచ్చట తొట్రుపడినవో వినుచు, వారికొఱకు తన కమానును లేశమాత్రము ఆపియో తఱిమియో సర్దుకొనవలెను. మన కచేరీలలో ఫిడేలు గాయకుని వెంట నడచు పక్కవాద్యము. ఆమె ఫిడేలు నాయకవాద్యము. అయినను, అనుసరింపనేరనిది నడిపింపజాలదనుట రెండుచోట్లను ఒక్కటియే.

ముండకోపనిషత్తున ఒకే చెట్టుమీది రెండు పక్షులలో ఒకటి పండు తినుచుండగా, రెండవది తినక చూచుచుండును. వాయించునట్టియు వినునట్టియు నాయిక ఈ రెండు పక్షులును తానే కావలెనని నాకు తోచినది. కాని ఉపమానమును ఇంతకుమించి లాగరాదు. ఉపనిషత్తులోని సాక్షి చూచి ఊరకుండును. ఈమె విన్నదానినిబట్టి వెంటనే చేయవలసినది, కావున ఈమెది సాక్షిత్వము కాదు, మెలకువగల కర్తృత్వము. గీత మూడవ అధ్యాయమందలి లోకసంగ్రహమే, అనగా లోకమును నడపుటకై చేయు కర్మయే, దీనికి దగ్గఱ.

పక్షి ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. 1972లో ఈమె, అప్పటికి తానే పుల్ల చేతబట్టిన మారినర్ కండక్టరుగా, వాన్ విలియమ్స్ రచించిన ‘ద లార్క్ అసెండింగ్’ను రికార్డు చేసెను. భరతపక్షి యాకాశమునకు ఎగయుట అందలి విషయము. ఆరంభమున బృందము ఒక మంద్రమైన స్వరసమ్మేళనమును పట్టి నిలుచుండగా, ఫిడేలు ఒంటిగా, తాళపు కట్టడి లేక, పైపైకి పోవును. వినువారు పక్షినే విందురు. క్రింద పట్టియుంచిన ఆ స్వరమును తీసివేసినచో ఆ పక్షికి ఆకాశమే యుండదు. గీత చెప్పిన అధిష్ఠానము, అనగా కర్మకు ఆధారము, ఇదియే.

1981 నుండి ఇరువది యేండ్లు నార్వే చాంబరు ఆర్కెస్ట్రాకును, 1987 నుండి ఐదేండ్లు లాస్ ఏంజెలిస్ చాంబరు ఆర్కెస్ట్రాకును ఈమెయే సారథ్యము వహించెను. 1998లో కీళ్లవాతము వ్రేళ్ల నావరించి ఫిడేలు విడిపించెను. ఐదింట కరణ మొకటి తొలగినది, కర్త మిగిలెను. ఆమె పుల్ల చేతబట్టి, ఏ పదవి వద్దని అకాడమీ బృందము పుట్టినదో ఆ కండక్టరు పదవినే స్వీకరించెను. ఇందు వైరుద్ధ్యమును నేను చూడను. ఏండ్ల తరబడి తన తప్పును తన తీగపైననే విన్నవారి చేతిలో ఆ పుల్ల, తొలినుండియు పుల్లనే పట్టినవారి చేతిలోవలె అహంకరింపదు. అయినను రెండింటిలో దేని నెంచుదువనిన, కమానునే యెంచుదును.

అయోనా బ్రౌన్ 2004 జూన్ 5వ తేదీన మరణించెను. 1716లో స్ట్రాడివారి చేసిన ఆమె ఫిడేలు అంతకుముందే జపానులోని నిప్పాన్ సంగీతసంస్థ చేతికి చేరగా, జర్మనుదేశపు జూలియా ఫిషర్ దానిని కొన్ని యేండ్లు వాయించెను.