స్వకర్మయే అర్చన

కృష్ణమ్మ సాగరమును చేరు సీమలో, మచిలీపట్టణము మొదలుకొని గుడివాడ, అవనిగడ్డల వరకు, తెల్లవారుజామున దేవాలయముల మైకులనుండి వినవచ్చు కంఠములలో ఘంటసాల వేంకటేశ్వరరావుగారిది ఒకటి. ఆయన గానముచేసిన భగవద్గీత వినని తెలుగువాడు అరుదు. అయితే ఆ కంఠము మరియొక చోట కూడ వినబడుచున్నది. ఊరిలో ఎవరైన కాలధర్మము చెందినపుడు ఆ ఇంటిముంగిట, అంతిమయాత్ర సాగు బండిపైన అదే గీత మ్రోగుచుండును. వేళగాని వేళ గీత వినబడినచో “ఎవరు పోయినారు?” అని ఇరుగుపొరుగువారు ప్రశ్నించుకొను స్థితి ఏర్పడినది. శోకార్తులకు ఓదార్పునిచ్చు ఆచారమును తప్పుపట్టవలసిన పనిలేదు. కాని ఒక్క విషయము మరువరాదు. గీత చెప్పబడినది పోయినవానికి కాదు. పనికి బయలుదేరి, పనిముట్టు చేతబట్టి, పని ఆరంభింపవలసిన క్షణమున నీరుగారిపోయిన ఒక సమర్థునికి.

అర్జునునకు విద్య లేకపోలేదు. ద్రోణుని శిష్యులలో అగ్రగణ్యుడు. తపస్సుచేసి పాశుపతము సాధించినవాడు. అనుభవము కొరవడలేదు. అయినను రెండు సేనల నడుమ రథము నిలిచినంతనే గాండీవము చేజారెను, నోరెండెను, కాళ్లు వణకెను. నైపుణ్యము ఉన్నది, ఉత్సాహము లేదు. చేయి ఉన్నది, చేయవలెనను బుద్ధి లేదు. ఆ స్థితిలో భగవానుడు అతనికి క్రొత్త అస్త్రమేదియు ఈయలేదు, రాబోవు రాజ్యభోగములు వర్ణించి ఊరడించుటతో సరిపెట్టలేదు. పనిని చూచు చూపును మార్చెను. పని మారలేదు, రణరంగము మారలేదు. మారినది అర్జునుని దృష్టి మాత్రమే. జారిన విల్లును అతడే తిరిగి ఎత్తెను.

నేడు గాండీవము జారని ఇల్లు అరుదు. ఇరువది సంవత్సరములు దస్త్రములు వ్రాసిన గుమాస్తా తనకంటె చిన్నవానికి పదోన్నతి వచ్చిననాటినుండి కలము బరువైనదని వాపోవును. దివిసీమ పల్లెలో పాఠము చెప్పు ఉపాధ్యాయుడు “ఎవరి కొరకు ఇంత శ్రమ?” అని నిట్టూర్చును. గుడివాడలో చదివి మహానగరమునకు పోయిన యువకుడు కంప్యూటరు ముందు కూర్చుండి, మంచి జీతము వచ్చుచున్నను, ఉదయము లేవగనే కార్యాలయము తలపునకు వచ్చినంత గుండె దిగులుపడునని తల్లికి ఫోనులో చెప్పును. వీరెవ్వరును సోమరులు కారు. పని ఇచ్చు ఫలమే పనికి ప్రాణమని నమ్మినవారు. ఫలము ఆలస్యమైనంతనే ప్రాణము పోయినట్లు తోచుచున్నది.

ఇచట ఒక సందేహము కలుగుట సహజము. “ఫలమును ఆశింపవలదన్నచో ఎదుగుదల ఎట్లు? పదోన్నతి కోరుట పాపమా?” అని. పాపము కాదు. దివిసీమ రైతు నారుపోయునపుడు వరిపంటను ఉద్దేశించియే పోయును. ఉద్దేశము లేక ఎవడును విత్తనము చల్లడు. అయితే నాటినవాడు దినదినము మొక్కను పెరికి వేరు ఎంత పెరిగినదో చూచుకొనడు. లక్ష్యము వేరు, ఫలాసక్తి వేరు. లక్ష్యము దారి చూపును. ఫలాసక్తి దారిలో నడచువాని కాళ్లకు అడ్డుపడును. పరీక్షకు చదువుకొనుట, క్రొత్త విద్య నేర్చుట, పెద్ద బాధ్యతను కోరుట ఇవన్నియు లక్ష్యములో భాగములు. “ఇతరునికి వచ్చినది, నాకు రాలేదు” అని రాత్రింబవళ్లు లెక్కించుట ఆసక్తి. ఆ లెక్కలో మునిగిన మనస్సులో సగము పనికి మిగులదు. సగము మనస్సుతో చేసిన పనికి పూర్తి ఫలము ఎట్లు రాగలదు? ఫలచింతయే ఫలమునకు శత్రువగుట ఇట్లే.

మచిలీపట్టణమునకు పొరుగుననే పెడన ఉన్నది. అచటి కలంకారీ అద్దకము ఈ సత్యమును కన్నులకు కట్టించును. వస్త్రమును ముందుగ కరక్కాయ రసమున ముంచి ఆరవేయుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములతరబడి నానబెట్టి నలుపును సిద్ధపరచెదరు. టేకుచెక్కపై చెక్కిన అచ్చులతో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పర్యాయము అద్దుదురు. ఎరుపు రావలసిన చోట అద్దునది పటిక. అద్దినంతనే అచట ఎరుపు కానరాదు. పారునీటిలో జాడించి, రంగునిచ్చు వేరు వేసిన కాగులో ఉడికించినపుడు మాత్రమే పటిక పట్టిన చోట ఎరుపు మేల్కొనును. పటిక అద్దువేళ చేయి అజాగ్రత్తగ కదలినచో ఆ తప్పు ఆనాడు ఎవరికిని తెలియదు, కాగులో బయటపడును. శ్రద్ధగ అద్దినచో ఆ శ్రద్ధయు ఆనాడు ఎవరికిని తెలియదు, అదియు కాగులోనే వెలుగుచూచును. ఉద్యోగమున తొలి సంవత్సరములు పటిక అద్దకము వంటివి. ఎవరును మెచ్చుకొనరు, రంగు కనబడదు. కాని రానున్న రంగు అంతయు అప్పుడే వస్త్రములో చేరుచున్నది.

ఈ సీమలోనే పుట్టి ఈ పటిక అద్దకమును జీవితమంతయు ఆచరించి చూపినవారు ఘంటసాలగారు. గుడివాడ సమీపమున చౌటపల్లి గ్రామములో 1922 డిసెంబరు 4వ తేదీన ఆయన జన్మించిరి. తండ్రి సూరయ్యగారు మృదంగము నేర్చినవారు, భజనగోష్ఠులలో తరంగములు పాడువారు. తండ్రి భుజముపై కూర్చుండి ఆ గానమును విన్న బాలునికి పసితనముననే తండ్రి దూరమయ్యెను. కుమారుని సంగీత విద్వాంసునిగ చూడవలెనను కోరిక ఒక్కటే ఆ తండ్రి విడిచిపోయిన ఆస్తి. విద్వాంసుల సభలో పాడబోయి ఆ బాలుడు పరిహాసమునకు గురియయ్యెనని, ఆ అవమానమే పట్టుదలగ మారెనని ఆయన చరిత్ర చెప్పువారందురు. అవమానమును కసిగ మార్చుకొన్నవాడు ఇతరులను కాల్చును. అభ్యాసముగ మార్చుకొన్నవాడు తాను వెలుగును.

చేతి ఉంగరమునమ్మి ఆయన విజయనగరము చేరిరి. అచటి సంగీత కళాశాల ఆనాడు తెలుగునాట విద్యార్థులకు కాశివంటిది. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆశ్రయమిచ్చి విద్య నేర్పిరి. గురువుగారిదియు కలిమిగల ఇల్లు కాదు. కావున శిష్యుడు భుజమున జోలె తగిలించుకొని ఇంటింట మధూకరము స్వీకరించి కడుపు నింపుకొనెను. ఆ వీధులలో ఆ బాలునికి అన్నము పెట్టిన తల్లులెవ్వరికిని అతడు రేపు ఎవరు కాగలడో తెలియదు. తెలిసి పెట్టలేదు కనుకనే అది దానమైనది. తెలియకయే నేర్చినాడు కనుకనే అది తపస్సైనది.

1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని చెరసాలకు వెళ్లిరి. పిదప మదరాసు చేరి, సముద్రాల రాఘవాచార్యులవారి ఆదరమున అవకాశములు వెదకిరి. పగలెల్ల తిరిగి రాత్రి పానగల్ పార్కులో నిద్రించిన దినములు కలవని చెప్పుదురు. బృందగానములో ఒక గొంతుగ నిలుచుట, రేడియోలో పాడుట, చిన్న వేషము దొరకినచో కాదనకుండుట ఆనాటి ఉద్యోగము. 1945లో ‘స్వర్గసీమ’ చిత్రమున పాడిరి. 1949లో ‘కీలుగుర్రం’ చిత్రమునకు సంగీతము సమకూర్చిరి. 1951లో ‘పాతాళభైరవి’ వెలువడిన పిమ్మట ఆ పేరు తెలుగునాట ఇంటింట వినబడెను. 1970లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమునిచ్చి గౌరవించినది.

ఇచట గమనింపవలసినది ఒకటి కలదు. బృందగానములో అనామకముగ పాడిననాడును, పద్మశ్రీ అందుకొన్ననాడును ఆయన చేతిలోనున్న పని ఒక్కటియే, శ్రుతిలో పాడుట. పదవి పెరిగినది, పని మారలేదు. పదవికొరకు పాడినవాడు పదవి రాగానే పాటను విడుచును. పాటకొరకు పాడినవాడు పదవి వచ్చినను రాకున్నను పాటలోనే ఎదుగును. ఎదుగుదల మొదట మనిషిలో జరుగును. లోకము ఇచ్చు పదోన్నతి దాని వెనుక వచ్చు నీడ. నీడ ఒకప్పుడు పొడవుగ, ఒకప్పుడు పొట్టిగ, మిట్టమధ్యాహ్నమున కానరాకుండను ఉండవచ్చును. నీడను కొలిచి మనిషి ఎత్తు నిర్ణయించుట అవివేకము.

తుది దినములలో అనారోగ్యము బాధించుచున్నను ఆయన భగవద్గీతను తెలుగు తాత్పర్యముతో గానముచేసి రికార్డు చేయించిరి. 1974 ఫిబ్రవరి 11వ తేదీన పరమపదించిరి. ఆ గీత ప్రజలకు అందినది ఆయన మరణానంతరము. కోట్లమంది చేతులు జోడించి విను పని చేసిన మనిషి, ఆ జోడించిన చేతులను చూడలేదు. ఫలమునందు అధికారము లేదను బోధకు ఇంతకు మించిన భాష్యము వేరొకటి కావలయునా? పాడిన బోధను ఆయన చెవులతో వినిపించుటయే కాక బ్రతుకుతోను వినిపించిరి.

ఫలము చేతికందు వేళ పోయినచో? ఈ ప్రశ్నను దివిసీమకంటె దారుణముగ ఎదుర్కొన్న నేల తెలుగుదేశమున లేదు. 1977 నవంబరు 19, కార్తికమాసము. వరి కోతకు చేరువైన దినములు. తుపాను వెంట సముద్రము ఉప్పెనయై లేచి పల్లెలపై పడినది. వేలకువేల ప్రాణములు ఒక్క నాటిలో పోయినవి. పశువులు, ఇండ్లు, పంట ఏదియు మిగులలేదు. ఆ రైతులు చేసిన పనిలో లోపమున్నదా? లేదు. విత్తుట సరియే, నీరు పెట్టుట సరియే, కలుపు తీయుట సరియే. పనికి ఫలమే ప్రాణమైనచో ఆ నేలను మరల ఎవ్వరును దున్నకూడదు. కాని దున్నిరి. ఉప్పు కమ్మిన చేలను మంచినీట కడిగి, శోకమును గుండెలోనే ఉంచుకొని, మరల నారుపోసిరి. ఊరుగాని ఊళ్లనుండి వచ్చిన సేవకులు కళేబరములను తొలగించి సంస్కారములు జరిపిరి. ఆ పనికి జీతము లేదు, బిరుదము లేదు. నేడు నాగాయలంక, కోడూరు దిక్కున పచ్చని చేలు చూచువారు ఆ రెండవ విత్తనమును తలచి నమస్కరింపవలయును. మొదటి విత్తనము చల్లునది ఆశ. రెండవ విత్తనము చల్లునది ధర్మము.

ఇది విని “అయితే అన్యాయము జరిగినను నోరు మూసుకొని పనిచేయవలెనా?” అని అడుగరాదు. గీత చెప్పిన కృష్ణుడే అంతకుముందు రాయబారిగ హస్తినకు వెళ్లెను. పాండవులకు రావలసిన భాగమును సభామధ్యమున అడిగెను. అయిదూళ్లయినను చాలునన్నారు. న్యాయముగ రావలసిన జీతమును, పదవిని అడుగుట ధర్మవిరుద్ధము కాదు. అడుగవలసిన చోట స్పష్టముగ, వినయముగ, భయపడక అడుగవలెను. మరింత యోగ్యమైన చోటు దొరకినచో పోవచ్చును. చౌటపల్లి బాలుడు చౌటపల్లిలోనే ఉండిపోలేదు కదా! కాని అడిగిన కోరిక తీరువరకు చేతిలోని పనిని చెడగొట్టుట మాత్రము తనను తాను చెడగొట్టుకొనుటయే.

పని చిన్నదను భావము మరియొక చెర. మహాభారతమున తపస్సంపన్నుడైన కౌశికుడు ధర్మము తెలిసికొనుటకు మిథిలానగరములో మాంసమమ్ము వ్యాధుని అంగడికి పోవలసివచ్చెను. వ్యాధుడు తన వృత్తిని నిజాయితీతో నడపుచు, వృద్ధులైన తల్లిదండ్రులను సేవించి జ్ఞానియయ్యెను. మచిలీపట్టణము చిలకలపూడిలో నడుముపై చేతులుంచి నిలిచిన పాండురంగస్వామి కథయు ఇట్టిదే. కార్తికమున వేలాది భక్తులు దర్శించు ఆ మూర్తి ఏల నిలిచియున్నాడు? తల్లిదండ్రుల సేవలోనున్న పుండరీకుడు, వచ్చిన భగవంతునికి ఒక ఇటుకను చూపి దానిపై వేచియుండుమనెను. స్వామి కోపింపలేదు. చేయుచున్న పనిని శ్రద్ధతో ముగించు భక్తుని కొరకు దేవుడే వేచియుండునని ఆ ఇటుక సాక్ష్యము పలుకుచున్నది.

కావున ఉత్సాహము సన్నగిల్లిన ఉద్యోగి చేయదగినది కష్టసాధ్యము కాదు. ఉదయము పనికి కూర్చొనుటకు ముందు క్షణకాలము కన్నులు మూసి “స్వామీ, నేటి పని నీకు నైవేద్యము” అని తలచవలెను. నైవేద్యమునకు ఎవరును పులిసిన అన్నము పెట్టరు, దస్త్రమునకును అదే నియమము. తన పనిలో తెలియని అంశమొకటి ఎంచుకొని తెలిసినవారిని అడిగి నేర్చుకొనవలెను. వారు వయస్సున చిన్నవారైనను సంకోచింపరాదు. తన నిన్నటి పనితో నేటి పనిని పోల్చుకొనవలెను, పొరుగు బల్లవానితో కాదు. సాయంకాలము, చేయగలిగినది చేసితినని తోచినపుడు, మిగిలిన చింతను స్వామి పాదములచెంత విడిచి ఇంటికి రావలెను. భార్యాబిడ్డలకు దక్కవలసిన చిరునవ్వును కార్యాలయపు చింతకు అర్పింపరాదు.

రేపు తెల్లవారుజామున ఆలయపు మైకునుండి గీత వినబడినపుడు, అది పోయినవారి కొరకు కాదని ప్రతి గృహస్థుడును గుర్తుంచుకొనునుగాక. పలుగు పట్టువాడు, కలము పట్టువాడు, సుద్దముక్క పట్టువాడు, అచ్చు పట్టువాడు తమ పనిముట్టును ఒక్కమారు కనులకద్దుకొని పైకెత్తుదురుగాక. గీత పలుకబడినది ఆ చేతి కొరకే.

స్వస్తి.