స్వాభిప్రాయ మమకారము

జనులు తమ యభిప్రాయములను విడువకుండుటకు అజ్ఞాన మొక్కటియే కారణమని మేము తలంపము. 1847వ సంవత్సరమున వియన్నా నగరపు ప్రసూతి వైద్యశాలలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, శవపరీక్ష చేసి వచ్చిన వైద్యులు క్లోరిను సున్నపు నీటితో చేతులు కడుగుకొనవలెనని నియమించెను. ఏప్రిల్ నెలలో నూటికి సుమారు 18గా నుండిన బాలింతల మరణములు జూన్ నెలలో 2కు తగ్గెను. అయినను పెక్కురు వైద్యపండితులు దాని నంగీకరింపరైరి. ఏలయన, అంగీకరించినచో తమ చేతులే ఆ తల్లుల మరణమునకు కారణమైనవని యొప్పుకొనవలసి వచ్చును. అభిప్రాయము మన పూర్వకర్మలకు న్యాయవాది యైనపుడు, దానిపై వేసిన ప్రశ్న మనపై మోపిన నేరముగా తోచును. కావున ఎదుటివానిని మూఢుడని నిందించుటకు ముందు, అతడు దేనిని కోల్పోవుదునని భయపడుచున్నాడో విచారింతము. ఆ ప్రశ్ననే మన హృదయమునకును వేసికొందము. తెలియక చేసిన కీడు క్షంతవ్యము. తెలిసిన పిదప దానిని సమర్థించుట క్షంతవ్యము కాదు.