దీర్ఘకాలిక నొప్పి - ఆప్తవాక్యం: ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

మూడు నెలలకు మించి కొనసాగే లేదా మళ్లీ మళ్లీ వచ్చే నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తుంది. విరిగిన చేతికి కట్టు ఉంటుంది కనుక ఆ నొప్పిని ఎవరూ శంకించరు. ఏళ్ల తరబడి నడుమునొప్పితో జీవించేవారికి చూపడానికి అటువంటి గుర్తు ఉండదు. వారిలో అధికసంఖ్యాకులకు ఫలానాదే కారణమని వైద్యులు నిర్ధారించలేరు. మరోవైపు, ఏ నొప్పీ లేనివారి స్కానింగులోనూ డిస్కుల అరుగుదల కనిపించవచ్చు. ఈ స్థితిలో, కంటికి కనబడని నొప్పిని చెప్పినవారి మాట మీద నమ్మవలసిన బాధ్యత వినేవారికి ఉందా అన్న ప్రశ్న తలెత్తుతుంది. న్యాయదర్శనంలోని ప్రమాణచర్చ ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రమాణవిచారం

నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను అంగీకరించారు. దుఃఖం ఆత్మగుణమనీ, అది మనస్సుకు ప్రత్యక్షమనీ చెప్పారు. దీనిని నొప్పికి అన్వయిస్తే బాధితులకు అది ప్రత్యక్షం. ఇతరులకు ప్రధానంగా మిగిలేవి అనుమానం, శబ్దం. నడక, ముఖకవళికలు, రక్తపరీక్ష, స్కానింగు అన్నీ అనుమానానికి హేతువులే. అయితే పొగ లేనంత మాత్రాన నిప్పు లేదనడం చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో పొగ లేకుండానే నిప్పు ఉంటుందన్నది తార్కికులకు సుపరిచితమైన ఉదాహరణ. పరీక్షలలో ఏమీ తేలలేదు కనుక నొప్పి లేదనే వాదంలోని దోషమూ ఇదే.

ఇక శబ్దం. విషయాన్ని యథార్థంగా ఎరిగి, ఉన్నదున్నట్లు చెప్పేవారు ఆప్తులు. తమ నొప్పి విషయంలో బాధితులకంటె ఎరిగినవారు మరొకరు లేరు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనానికి చేర్చిన వివరణలో, నొప్పి ఉందని వ్యక్తి చెప్పిన మాటను గౌరవించాలని పేర్కొన్నది.

సెలవు కోసమో పరిహారం కోసమో అబద్ధమాడేవారు లేరా అన్నది ఆక్షేపం. ఉంటారు. కాని శంకకు నిర్దిష్టమైన ఆధారం కావాలి. నొప్పి కనబడకపోవడమే ఆధారం కాజాలదు. పైగా రెండు పొరపాట్ల ఫలితాలు సమానం కావు. అబద్ధాన్ని నమ్మితే కలిగే నష్టం తరచుగా పూడ్చుకోదగినది. నిజాన్ని నమ్మకపోతే బాధితులు నొప్పితోపాటు దానిని నిరూపించుకునే భారాన్నీ మోయాలి.

ఓర్పు - మౌనం

పోటు, సలుపు, తీపు, పీకుడు, మంట, తిమ్మిరి అనే మాటలు తెలుగులో ఒకదానికొకటి పర్యాయాలు కావు. నొప్పి కేవలం ఆంతరంగికమైతే ఇన్ని భేదాలు వ్యవహారంలో నిలిచేవి కావు. ‘ఎద్దు పుండు కాకికి ముద్దు’ అనే సామెత పరుల బాధపట్ల మనిషి చూపే నిర్దయను ఎత్తిచూపుతుంది. అదే సమాజం ఓర్పును, ముఖ్యంగా స్త్రీలలో, సద్గుణంగా కీర్తిస్తుంది. తానుగా ఎంచుకున్న ఓర్పు బలమే. ఇతరులు విధించినప్పుడు అది మౌనంగా మారుతుంది. నొప్పి తగ్గిన రోజున పనులన్నీ చేసి, మరునాడు మంచం దిగలేని ఇల్లాలికి ‘నిన్న బాగానే తిరిగావుగా’ అన్న మాట ఎదురవుతుంది. పనిని విడతలుగా చేసుకొమ్మన్న వైద్యుల సలహా ఇంటివారి సమ్మతి లేనిదే అమలు కాదు.

‘అంతా మనసులోనిదే’ అనే మాట కూడా నిలవదు. 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన ద్వారనియంత్రణ సిద్ధాంతం ప్రకారం మెదడు నుండి దిగివచ్చే సంకేతాలు వెన్నుపాములో నొప్పి ప్రసారాన్ని ప్రభావితం చేయగలవు. కనుక భయం, దిగులు, ఒంటరితనం నొప్పి తీవ్రతతో ముడిపడి ఉంటాయే తప్ప, నొప్పి అబద్ధమనడానికి సాక్ష్యాలు కావు.

ముగింపు

నమ్మడమంటే కోరిన మందునల్లా ఇవ్వడమని అర్థం కాదు. ఏ చికిత్స తగునో నిర్ణయించడానికి వైద్యవిచక్షణ అవసరమే. కాని ఆ నిర్ణయం ‘నొప్పి ఉంది’ అన్న అంగీకారం తరువాతే ఆరంభం కావాలి. అనుమానప్రమాణం చాలని చోట ఆప్తవాక్యాన్ని తోసిపుచ్చడం జ్ఞానపరంగా లోపం, నైతికంగా అన్యాయం. నొప్పిని నిరూపించుకోవలసిన భారాన్ని బాధితుల మీదినుండి దించడం వినేవారి తొలి కర్తవ్యం.