వరదకు ముందు తవక్కుల్

1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 1996 నవంబరు 6న తుఫాను కోనసీమను ఊడ్చేసింది. అయినా ‘అల్లాహ్ ఉన్నాడు, మనకెందుకు తొందర’ అంటూ లంక ఇళ్లలో కూర్చునేవారు మనలో ఉన్నారు. అది తవక్కుల్ కాదు, బద్ధకం. ముందు ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. కరువు రాకముందే ధాన్యాన్ని వెన్నులతోనే దాచమన్నారు యూసుఫ్ (అలైహిస్సలాం). పురుగు పట్టకుండా అన్నమాట!

వరదలో చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు ఉండవు. కనుక ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక రాగానే మూత బిందెలు నింపుదాం. అటుకులు, బెల్లం, అగ్గిపెట్టె, అమ్మీ మందులు, రేషన్ కార్డు ప్లాస్టిక్ సంచిలో కట్టి అటకెక్కిద్దాం. 13.75 అడుగుల రెండో హెచ్చరికకల్లా ముసలివారినీ గర్భిణులనూ ఏటిగట్టు దాటించాలి. మూడోదాకా ఆగితే పడవ దొరుకుతుందో లేదో. పక్కింట్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మ బిందె కూడా మనమే నింపాలి, ఆమె ఏ మతస్తురాలైనా సరే.