ఉద్యోగ ఇంటర్వ్యూ: యూసుఫ్ ప్రవక్త (అ) జీవితం నేర్పే పాఠం

 

మొన్నామధ్య పురానాపూల్‌లోని మా మస్జిదులో ఇషా నమాజు ముగిశాక ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. "మౌలానా సాబ్, ఎల్లుండి ఇంటర్వ్యూ ఉంది. దుఆ చేయండి" అన్నాడు. "తప్పకుండా చేస్తాను. ఏం పని బాబూ?" అని అడిగాను. "అకౌంట్స్ పని. కంపెనీ గురించి అంతగా తెలీదు" అన్నాడు. కాసేపు తటపటాయించి అసలు సంగతి చెప్పాడు. వాళ్లు రెండేళ్ల అనుభవం అడిగారు. అతనికున్నది ఎనిమిది నెలలే. ఎవరో డబ్బు తీసుకుని మిగతా కాలానికి దొంగ సర్టిఫికెట్ ఇస్తానన్నారట. "ఇంట్లో చెల్లి పెళ్లి ఉంది మౌలానా సాబ్. అందరూ ఇదే చేస్తున్నారు" అన్నాడు.

అతని కష్టం నిజమైనదే. అందుకే తొందరపడి మందలించలేదు. పక్కన కూర్చోబెట్టుకుని యూసుఫ్ (అ) వృత్తాంతం గుర్తుచేశాను.

యూసుఫ్ (అ) చేయని నేరానికి చెరసాలలో ఉన్నారు. రాజుగారి నుంచి పిలుపు వచ్చింది. మనమైతే పరుగెత్తుకుని వెళ్తాం. ఆయన వెళ్లలేదు. ముందు తనపై వేసిన నింద సంగతి తేల్చమని వచ్చిన దూతనే తిప్పి పంపారు. నిజం వెల్లడయ్యాకే రాజు ఎదుటికి వెళ్లారు. రాజు ఆయనతో మాట్లాడిన తర్వాతనే ఆయన నమ్మకస్థుడని, తన వద్ద గౌరవస్థానం గలవాడని ప్రకటించాడు. అప్పుడు యూసుఫ్ (అ) దేశపు ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని కోరుతూ, తాను కాపాడగలవాణ్ణని, ఆ పని తెలిసినవాణ్ణని చెప్పారు. ఈ విషయాలన్నీ దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాలో ఉన్నాయి.

ఇందులో ఉద్యోగార్థులకు మూడు పాఠాలున్నాయి.

మొదటిది, మన గతం శుభ్రంగా ఉండాలి. తనకు లేనిదాన్ని ఉన్నట్లు చూపించుకునేవాణ్ణి దైవప్రవక్త (స) రెండు అబద్ధపు వస్త్రాలు ధరించినవానితో పోల్చారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని హదీసు. దొంగ సర్టిఫికెట్ అలాంటి వస్త్రమే. పాత యజమానికి ఒక్క ఫోను చేస్తే అది చిరిగిపోతుంది. ఎవరికీ తెలియకపోయినా అల్లాహ్‌కు తెలుసు.

రెండవది, పని తెలుసుకుని వెళ్లాలి. ఏడేళ్లు పంట వేయడం, తినేది పోను మిగతా ధాన్యాన్ని వెన్నులలోనే దాచడం, ఆ తర్వాత వచ్చే ఏడేళ్ల కరువును గట్టెక్కడం - ఈ ప్రణాళికను యూసుఫ్ (అ) చెరసాలలో ఉండగానే వివరించారు. మీరు వెళ్లే సంస్థ ఏం చేస్తుంది? మిమ్మల్ని ఏ పనికి తీసుకుంటున్నారు? అందులో మీకు ఏది వచ్చు, ఏది రాదు? వీటికి జవాబులు ఇంట్లోనే సిద్ధం చేసుకోండి.

మూడవది, ఉన్న అర్హతను నిస్సంకోచంగా చెప్పాలి. మన పిల్లలు చాలామంది అది గర్వమనుకుని తలవంచుకుంటారు. అవసరమైన చోట ఉన్నది ఉన్నట్లు చెప్పడం గర్వం కాదని ధర్మవేత్తలు వివరించారు.

ఇక మాటతీరు. ఫిరౌను వద్దకు వెళ్లమని ఆజ్ఞ వచ్చినప్పుడు మూసా (అ) తన హృదయాన్ని విశాలపరచమని, నాలుక ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు. అంతటితో ఆగక, తనకన్నా చక్కగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అ)ను తోడు ఇవ్వమని కూడా కోరారు. దుఆ చేశారు, ఏర్పాటూ చూసుకున్నారు.

నా సంగతే చెబుతాను. మదరసా చదువు ముగిశాక ఒక పాఠశాలలో ఉర్దూ టీచరు ఉద్యోగానికి వెళ్లాను. అరబీ, ఉర్దూ వచ్చు కదా అన్న ధీమా. వాళ్లు తెలుగులో నాలుగు ప్రశ్నలు అడిగారు. సగం ఉర్దూలో తడబడ్డాను. ఉద్యోగం రాలేదు. తప్పు నాదే. ఆ తర్వాత ప్రతి రాత్రీ తెలుగు పత్రిక పైకి చదివేవాణ్ణి, తమ్ముడు తప్పులు దిద్దేవాడు.

ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలన్నది దైవప్రవక్త (స) బోధ. మన పురానాపూల్ వంతెననే చూడండి. 1578లో కట్టినది, 1908 నాటి మూసీ వరద తర్వాత కూడా నిలిచి ఉంది. వరద వచ్చిన రోజున ఎవరూ వంతెన కట్టలేరు. కనుక దారి ముందురోజే చూసుకోండి. శుభ్రమైన బట్టలు, అసలు పత్రాలు సిద్ధం చేసుకోండి. జుమా నమాజుకు కొంత సమయం కావాలంటే మర్యాదగా, ముందే అడగండి. రెండు రకాతుల ఇస్తిఖారా నమాజు చేసి, ఇంట్లో పెద్దల దుఆ తీసుకుని బయలుదేరండి.

ఆ యువకుడు తన ఎనిమిది నెలల సర్టిఫికెట్‌తోనే వెళ్లాడు. ఆ ఉద్యోగం రాలేదు. "నిజం చెబితే ఇదేనా మౌలానా సాబ్?" అని నన్నడిగాడు. యూసుఫ్ (అ) కూడా తన గురించి రాజుగారికి చెప్పమని ఒకతన్ని కోరితే, అతడు మరచిపోయాడు. ఆయన మరికొన్నేళ్లు చెరసాలలోనే ఉన్నారు. ఆ సంవత్సరాలు వృథా పోలేదు. అదే చెప్పాను. అతను ఏమీ అనలేదు. కానీ ఇప్పుడు ప్రతి ఆదివారం అసర్ నమాజు తర్వాత ఇద్దరు స్నేహితులతో మస్జిదు అరుగుపై కూర్చుంటున్నాడు. ఒకరినొకరు ప్రశ్నలు అడుగుకుంటున్నారు. మీ వీధిలోనూ ఇలా కూర్చునే ఏర్పాటు చేయండి.

అల్లాహ్ మన పిల్లలకు హలాల్ ఉపాధిని, నిజం చెప్పే నాలుకను, ఓర్చుకునే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.